ముప్ఫై ఒకటో పేరా

ఇంకా గంట ఉంది. తెర పైమూలన ఎర్రటి అంకెల్లో అరవై కాస్తా యాభై తొమ్మిది అయింది. సిల్వీ హర్యులా నలభై నాలుగో పేరా చివర చుక్క పెట్టి, రెండు చేతులూ కెమెరాకి కనపడేలా బల్ల మీద బోర్లా పెట్టుకుంది. అయిపోయింది. తీర్పు రాసేసింది. మూడు గంటల పరీక్ష రెండు గంటల్లో ముగించింది, యాభై ఎనిమిదేళ్ళ మనిషి, ఒకసారి తప్పిన మనిషి, ఈసారీ తప్పితే ఇక అవకాశం లేదని ఉత్తరం అందుకున్న మనిషి. లోపల ఏదో పాట కూనిరాగం తీయబోయింది. వెంటనే పెదవులు బిగించింది. పెదవులు కదుపుతున్నారని పొద్దుట్నుంచి రెండు హెచ్చరికలు వచ్చాయి. మూడోది వస్తే తెర నల్లబడుతుంది, అంతే సంగతులు. ఏం చేస్తుంది మరి, ముప్ఫై ఏళ్ళు రేవులో ధాన్యం ఎత్తిపోసే ఎలివేటర్ల రొదలో చీటీలు పైకి చదివి పక్కవాడి చేత రాయించిన నోరు అది. కళ్ళు ఏది చూస్తే పెదవులు అది అంటాయి. చర్చిలో కూడా పక్కవాళ్ళు ఆమె వంక తిరిగి చూస్తారు.

తెర అడుగున చిన్న గడిలో ఇన్విజిలేటర్ అమ్మాయి ఉంది, పేరు కోరా, హాలిఫాక్స్‌లో ఎక్కడో కూర్చుని ఒకేసారి ఆరుగురిని కాపలా కాస్తోంది. పొద్దున్న గది నాలుగు గోడలూ చూపించమంది. సిల్వీ లాప్‌టాప్ ఎత్తి పట్టుకుని, పెళ్ళికూతురిని ఊరేగించినట్టు తిప్పి చూపించింది. దేవదారు పలకల గోడలు, బల్ల, తువ్వాళ్ళు తగిలించే మేకులు, కిటికీకి అడ్డంగా కట్టిన దుప్పటి. ఆ మేకుకి వేలాడుతున్న కొమ్మల కట్ట ఏమిటంది కోరా. బర్చ్ కొమ్మలు, ఎండినవి. వెనక ఏముంది? ఏమీ లేదు. తీసి రెండువైపులా చూపించండి. చూపించింది. ఎందుకవి? సౌనాలో, అంటే ఆవిరి స్నానంలో, ఒంటి మీద కొట్టుకోవడానికి. ఎవరు కొడతారు అని అడగబోయి మానుకున్నట్టుంది. ఇంట్లో గదులు లేక కాదు, సౌనా పక్కనుండే ఈ బట్టలు మార్చుకునే గదికి వచ్చింది. ఇంట్లో కుక్క ఉంది, ఫోను ఉంది, పక్కింటి అర్వీ తలుపు కొట్టకుండానే వంటింట్లోకి వచ్చి నిలబడే అలవాటు ఉంది. పెరట్లో ఉన్న ఈ సౌనాకి ఒకటే తలుపు, లోపల గడియ. ఒకటే చిక్కు, ఇంటర్నెట్ ఇక్కడిదాకా రాదు. ఆమె భర్త రెయినో వారం ముందే డెబ్బై అడుగుల తీగ కొనుక్కొచ్చి, వంటింటి కిటికీలోంచి లాగి, పెరటి మంచు మీదుగా పరిచి, ఈ గది గుమ్మం కింద నుంచి లోపలికి తెచ్చాడు. ఏమీ అనలేదు. అతను ఏమీ అనడు. ఈ పొద్దున్న మాత్రం, లోపలికి వస్తూంటే, నెత్తిన టోపీ చెవులదాకా లాక్కుంటూ అన్నాడు, పదండి జడ్జి గారూ, గుమ్మం నేను చూసుకుంటా. ఎగతాళో దీవెనో తెలీని గొంతు. ముప్ఫై ఒక్క ఏళ్ళ కాపురంలో ఆ రెండిటికీ తేడా కనిపెట్టే జల్లెడ ఆమెకి ఇంకా దొరకలేదు.

బయటే ఉన్నాడు ఇప్పుడు కూడా. రెండు గంటలుగా. దుప్పటి కట్టిన కిటికీలోంచి కనపడడు, కానీ వినపడతాడు. తీగ దారికి అడ్డంగా పోయే చోట చేపల బకెట్టు బోర్లించి దాని మీద కూర్చున్నాడు, అర్వీ తన్నకుండా, కుక్క ముస్తీ కొరక్కుండా. మధ్యమధ్య లేచి నాలుగడుగులు వేస్తాడు, మంచు కిర్రుమంటుంది. పార చప్పుడు చేస్తుందని చీపురుతో మంచు ఊడుస్తున్నాడు, చీపురుతో మంచు ఊడ్చిన వాణ్ణి థండర్ బే మొత్తంలో ఎవరూ చూసి ఉండరు. మైనస్ పన్నెండు ఉంది. లోపల పొయ్యి వెలిగించడానికి లేదు, పొగ గొట్టం రొదపెడుతుంది. రెండు స్వెట్టర్ల మీద అతని కోటు కూడా ఈమే వేసుకుంది. మరి అతను ఏం వేసుకున్నాడు? అడగలేదు. ఇప్పుడు తట్టింది. అడగలేదు.

గింజని అడుగు, మనిషిని అడక్కు. ముసలి హ్రిన్‌చుక్ మాట అది, ఆమెకి పని నేర్పినవాడు. యాభై రైలుపెట్టెల గోధుమ వచ్చేది రోజుకి, ఒక్కో పెట్టె నుంచి దోసెడు నమూనా. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూసినట్టు, ఆ దోసెడు చూసి పెట్టె మొత్తానికి రకం కట్టాలి. మూడు నెలల్లో ఆమె చేతివేళ్ళకి తేమ తెలిసిపోయింది, ఆరు నెలల్లో ముక్కుకి బూజు తెలిసింది, ఏడాదికి గింజ కొరికి, ఇది ఆగస్టులో వానకి తడిసి సెప్టెంబర్లో ఎండింది అని చెప్పేది. యంత్రం పెట్టి చూస్తే అంతే వచ్చేది. హ్రిన్‌చుక్ మీసాల్లో నవ్వుకుని, మనిషి అబద్ధమాడతాడమ్మాయ్, గింజకి ఆ తెలివి లేదు అనేవాడు. ఆ మాట పట్టుకుని ముప్ఫై ఏళ్ళు బతికింది. ఒక్కరోజు మాత్రం తడబడింది. సస్కాచ్వాన్ నుంచి ఒకావిడ వచ్చింది, పద్దెనిమిది గంటలు ఒక్కతే బండి నడుపుకుని, ఒళ్ళో సీసాడు గోధుమతో. మీరు మా పంటకి మూడో రకం అన్నారట, ఇదిగో ఇది అదే గోధుమ, ఒక్కసారి చూడండి. సిల్వీ చూడలేదు. నమూనా అధికారికంగా తీసిందే లెక్క, సీసాలో తెచ్చింది కాదు. రూలు అది. ఆవిడ వాదించలేదు. సరే, రకం మార్చొద్దు, మాకు ఆ నెలలో ఏమయిందో చెప్తాను, వింటారా అంది. సిల్వీ చేతి గడియారం చూసుకుని, గింజ చెప్పేసిందండీ అంది. ఆవిడ సీసా బల్ల మీద వదిలేసి వెళ్ళిపోయింది. అది ఇప్పటికీ ఉంది, వంటింటి అలమరలో, ఉప్పు డబ్బా వెనక. రకం తప్పు కట్టలేదు, ఆ రాత్రే సీసా మూత తీసి చూసింది, మూడో రకమే. అయినా ఆ గోధుమ వండుకోలేకపోయింది, పారేయలేకపోయింది. ఉద్యోగం అయిపోయాక అందరూ ఫ్లోరిడా వెళ్తుంటే, నేను మధ్యవర్తిత్వం చదువుతాను, దూరవిద్యలో, దేశంలోపలి వివాదాలూ దేశాల మధ్య వివాదాలూ రెండూ అని ఆమె ప్రకటించినప్పుడు చెల్లెలు ఇర్యా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. ఎందుకే? ధాన్యం తగాదాలు వినడానికి. వినడానికా, నువ్వా? అంది ఇర్యా.

యాభై ఒకటి. సమయం బోలెడుంది. ఒకసారి మొదట్నుంచి చదువుకుంటే మంచిది. వాది, కాసాబ్లాంకాలో సేమియా మర. ప్రతివాది, ప్రెయిరీ మైదానాల నుంచి గట్టి గోధుమ అమ్మిన కంపెనీ. ఓడ అక్టోబరులో ఈ సరస్సు ఒడ్డునే, ఇలాంటి రేవులోనే సరుకు ఎక్కించుకుని బయల్దేరింది. అక్కడ దిగేసరికి మూడో అరలో గోధుమ వేడెక్కి మొలకెత్తి ఉంది. ఎక్కించేటప్పుడే తడి అని కొన్నవాడు. సముద్రంలో తడిసింది, మాకేం సంబంధం అని అమ్మినవాడు. తప్పు ఎవరిదో తేల్చి తీర్పు రాయండి, సొమ్ము సంగతి తరవాత. ప్రశ్న చదవగానే నవ్వొచ్చింది ఆమెకి, దేవుడు తనని చూసి జాలిపడ్డాడు అనుకుంది. ఈ పరీక్షలో ఎప్పుడూ సరుకుల తగాదానే ఇస్తారు, పోయినసారి మసూరు పప్పు, ఈసారి గోధుమ, పుట్టింటికొచ్చినట్టుంది. ఒకటో పేరా, పక్షాలు. రెండు, ఒప్పందం. పది, ఎవరేమన్నారు. బాగానే ఉన్నాయి. ఈ పేరాలన్నీ తెల్లవారుజామున నేర్చుకున్నవి. క్లాసు లండన్‌లో పదింటికి, ఇక్కడ అయిదింటికి. వంటింటి దీపం కింద లాప్‌టాప్, తెర మీద చిన్నచిన్న గళ్ళలో మనుషులు. లేగోస్‌లో ఓ పెద్దాయన వెనక ఎప్పుడూ కోళ్ళు అరిచేవి. లీమాలో ఒకమ్మాయి చంటిపిల్లని భుజాన వేసుకుని, ఉభయ పక్షాలకీ సమాన అవకాశం అని జోకొడుతూ చదివేది. సిల్వీ వెనక రెయినో ఉండేవాడు. అయిదవగానే లేచి వచ్చేవాడు. కాఫీ కాచి ఒక కప్పు ఆమె మోచేతి దగ్గర పెట్టి, యాలకుల రొట్టె రెండు ముక్కలు కోసి, ఎదురుగా పేపరు విప్పుకుని కూర్చునేవాడు. ఒక్కమాట మాట్లాడేవాడు కాదు. ఒక్క పేజీ తిప్పేవాడు కాదు. గంటన్నర అదే పేజీ. ఆ తిప్పని పేజీ ఆమెకి కంట్లో నలుసు. చదివే మనిషి ఎదుట చదవకుండా కూర్చోవడం, ఇంతకన్నా నిరసన ఏముంటుంది?

ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది, ముప్ఫై. ముప్ఫై ఒకటి. ఈ తీర్పుకి ఇదే వెన్నెముక. అనుబంధంలో ఓడ ఎక్కింపు పట్టీ ఉంది, ఎవరూ చూడని మూలన ఒక్క వరుస: రెండూ పదికి ఎక్కింపు ఆగినది, నాలుగున్నరకు మొదలయినది. కారణం రాయలేదు. ఆమెకి కారణం అక్కర్లేదు. అక్టోబరులో, ఆ రేవులో, రెండు గంటల ఇరవై నిమిషాలు ఆగిందంటే వాన. వానొస్తే ఒకటి, రెండు, నాలుగు అరల మూతలు వేస్తారు, మూడో అర మూత సగమే వేస్తారు, ధాన్యం పోసే గొట్టం అక్కడ వేలాడుతూ ఉంటుంది కాబట్టి, దాన్ని ఎత్తడానికి ఎవడికీ ఓపిక ఉండదు కాబట్టి. నమూనా తీసింది ఒంటి గంటకి, అంటే వానకి ముందు. అందుకే సర్టిఫికెట్లో గోధుమ పొడిగా ఉంది. అరలో కాదు. గింజలా స్పష్టం. కాబట్టి తప్పు అమ్మినవాడిది. ముప్ఫై ఒకటో పేరా చదువుతుంటే ఆమెకి హ్రిన్‌చుక్ మీసాలు కనపడ్డాయి, భళా అమ్మాయ్. మళ్ళీ చదివింది. ఈ విరామము వర్షము వలననే సంభవించినది. మూడోసారి చదివింది. వర్షము. పైకి వెళ్ళి వాది పత్రం చూసింది. వాన లేదు. ప్రతివాది పత్రం. లేదు. సాక్షులు ఇద్దరు. ఇద్దరూ వాన అనలేదు. నూట పన్నెండు పేజీల్లో వాన అన్న మాట ఒక్కచోటే ఉంది, ఆమె తీర్పులో. నలభై ఒకటి.

పోయినసారి వచ్చిన ఉత్తరం ఆమెకి కంఠతా వచ్చు. మసూరు పప్పు కేసులో పురుగు ఎక్కడ పట్టిందో ఆమె కనిపెట్టేసింది, రెండు పక్షాల్లో ఒక్కరికీ తట్టని సంగతి, గర్వంగా రాసి పంపింది. తప్పింది. పరీక్షకుడు ఎవరో, పేరుండదు, కింద రెండు వాక్యాలు రాశాడు. మీరు చెప్పింది నిజమే కావచ్చు. కానీ ఓడినవాడు ఆ మాట మొదటిసారి విన్నది మీ తీర్పులోనే. నెల రోజులు ఆ ఉత్తరం మీద కారాలు మిరియాలు నూరింది. నిజమయితే చాలదా? నిజానికి కూడా అపాయింట్‌మెంటు కావాలా? పాఠం చెప్పే మిసెస్ థిబోడో ఫోన్లో ఓపిగ్గా చెప్పింది, తెలిసినవాళ్ళే చేసే తప్పమ్మా ఇది, తెలియనివాళ్ళు చచ్చినట్టు అడుగుతారు. అందుకే ఆ గడి పెట్టారు. జవాబు పత్రం చివర ఒక గడి ఉంటుంది: తీర్పుకు ముందు పక్షాలను అడగవలసినది ఏమైనా ఉన్నచో ఇచ్చట రాయండి, జవాబు రాలేదనుకుని, ఉన్న సాక్ష్యం మీద తీర్పు చెప్పండి. పోయినసారి ఆమె అది ఖాళీగా వదిలేసింది. అడగడానికేముంది, అంతా తెలుసుగా. ఈసారి? కళ్ళు కిందికి జారాయి. ఈసారీ ఖాళీయే. గడి తెల్లగా, బయట పెరడులా తెల్లగా, అడుగుజాడ ఒక్కటి లేకుండా ఉంది.

కిర్రుమని మంచు చప్పుడు. దగ్గు. ఓడినవాడు మొదటిసారి విన్నది మీ తీర్పులోనే. దగ్గుకీ ఆ మాటకీ సంబంధం లేదు, అయినా రెండూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి, అడుగున పడి ఉన్న జూన్ నెల పైకి తేలింది. మధ్యవేసవి పండగ, ఇర్యా వాళ్ళ క్యాంపులో, అంటే వేసవి ఇంట్లో, సరస్సు ఒడ్డున మంట. ఇరవై మంది. ఇర్యా చేయి నుదుటికి అడ్డం పెట్టుకుని నీళ్ళకేసి చూసి, ఏం బావా, పడవేది, తేలేదేం అంది. ఆ పడవ రెయినో తన చేత్తో కట్టింది, రెండు చలికాలాలు, రైలు డ్యూటీ నుంచి వచ్చి నిద్రపోకుండా, ఒక్కో పలక ఆవిరి పట్టి వంచి. ఉద్యోగం అయ్యాక రోజూ తెల్లవారి అయిదింటికి దాన్నేసుకుని చేపలకి పోయేవాడు. సిల్వీ చదువు మొదలైన వారానికి నిపిగన్ నుంచి ఎవడో వచ్చి ట్రక్కుకి కట్టుకుని పట్టుకుపోయాడు. అమ్మేశా, అన్నాడు రెయినో. అంతే. ఆమె ఏమీ అడగలేదు, ఎందుకంటే అడగడానికేముంది, గింజ చెప్పేసింది. నువ్వు పుస్తకం పట్టుకుంటే నేను తెడ్డు వదిలేస్తా, చూసుకో మరి, అని. మొగుడి అలక ఆమెకి తెలీదా? ఆ జూన్ సాయంత్రం ఇర్యా అడిగిన ప్రశ్నకి రెయినో నోరు తెరిచేలోపే ఆమె చెప్పింది, నేను చదువుకుంటున్నానని అలిగి అమ్మేశాడే మీ బావ. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. రెయినో కప్పు కింద పెట్టి, చేపలు పొగలో మాడిపోతాయేమో చూసొస్తా అని లేచి వెళ్ళాడు. ఆ వెళ్ళడం చూసి, చూశారా అనుకుంది, ఒప్పుకున్నట్టే. ఇప్పుడు, ఈ చల్లటి గదిలో, తిప్పి చూస్తే, ఆ వీపు ఒప్పుకున్నవాడి వీపులా లేదు. అప్పుడే విన్నవాడి వీపులా ఉంది.

ముప్ఫై మూడు. పరీక్ష, సిల్వీ, పరీక్ష. కానీ మనసు ఆగదు, జల్లెడలో పడ్డ గింజ ఆగుతుందా. అలక కాకపోతే మరేమిటి? తిప్పని పేజీ. చలికాలం మొదట్నుంచీ సాయంత్రాలు బండి తాళాలు ఆమె చేతికే ఇవ్వడం. సూదిలో దారం ఎక్కించమనడం. పోయిన వారం మందు సీసా మీది అక్షరాలు ఆమె చేత చదివించడం, ఈ అక్షరాలు చీమలకి రాశారా మనుషులకి రాశారా అని. కాఫీలో పంచదార అనుకుని ఉప్పు. ఒక్కొక్క గింజా తీసి అరచేతిలో పెట్టుకుంటే రకం తేలిపోతోంది. కళ్ళు. అతనికి చూపు తగ్గిపోతోంది. అందుకే పడవ అమ్మేశాడు, చీకట్లో రాళ్ళు కనపడక. చెప్పలేదు, తన చదువు పాడవుతుందని చెప్పలేదు. అయ్యో ముసలాడా. అయ్యో నా ముసలాడా. కళ్ళు మండి నీళ్ళు దిగాయి, రెండేళ్ళు అపార్థం చేసుకున్నానే, ఎంత, ఎంత

“మిసెస్ హర్యులా.”

కోరా గొంతు. సిల్వీ ఉలిక్కిపడింది.

“ఒంట్లో బాగానే ఉందా?”

పెదవులు. కదిలాయా? తెలీదు. తల ఊపింది. ఆ అమ్మాయి గడిలోంచి కొంచెం ముందుకి వంగి చూసింది. నిబంధన ప్రకారం అది మూడోది కావచ్చు. ఎంతసేపు చూసిందో.

“కళ్ళు తుడుచుకోవచ్చండీ. చేతిగుడ్డ రెండువైపులా ఒకసారి చూపించండి, చాలు.”

చూపించింది. తుడుచుకుంది. హాలిఫాక్స్‌లో ఎవరి బిడ్డో, చల్లగా ఉండాలి. అడిగింది ఆ పిల్ల. కదిలిన పెదవులు చూసి తీర్పు చెప్పెయ్యకుండా, ముందు అడిగింది.

అప్పుడు తెలిసింది సిల్వీకి తను ఏం చేసిందో. ఒక తీర్పు కొట్టేసి, అదే కలంతో రెండోది రాసింది. అలక అని ఒకటి, చూపు అని ఇంకోటి. ఇదీ వానే. ఇదీ నూట పన్నెండు పేజీల్లో ఎక్కడా లేని వానే. పట్టీలో ఉన్నది ఒక్క వరుస: పడవ అమ్మినాడు. కారణం రాయలేదు. ఉన్నది అంతే. మిగతాదంతా గింజ వాసన చూసి తను చెప్పుకున్నది. రకం సరిగ్గానే కట్టి ఉండవచ్చు, ఆ సస్కాచ్వాన్ ఆవిడకి కట్టినట్టే. ఆవిడ రకం మార్చమనలేదు. వింటారా అంది.

ఇరవై ఆరు. ముప్ఫై ఒకటో పేరా మొత్తం నల్లగా గుర్తుపెట్టి, ఒక్క క్షణం చూసింది. ఎంత అందమైన పేరా. కొట్టేసింది. వెన్నెముక పోయాక తీర్పు కుప్పకూలుతుంది, తెలుసు. ముప్ఫై రెండు నుంచి అన్నీ మార్చాలి. ముందు గడి. ఉభయ పక్షాలకూ ఒకే ప్రశ్న, ఒకే రోజున, ఒకరికి పంపినది రెండోవారికి కనపడేలా: ఎక్కింపు పట్టీలో రెండు గంటల ఇరవై నిమిషాల విరామం కనపడుచున్నది. దీని గురించి మీలో ఎవరూ ప్రస్తావించలేదు. ఆ సమయంలో ఏమి జరిగినదో, ఏ అరల మూతలు ఏ స్థితిలో ఉన్నవో, పద్నాలుగు రోజుల లోపల తెలియజేయగలరు. వాన అన్న మాట రాయలేదు. వేళ్ళు దురదపెట్టాయి, అయినా రాయలేదు. ఆ మాట వాళ్ళ నోటి నుంచి రావాలి, లేదా రాకూడదు. బెల్టు తెగిందేమో. ఎవరికైనా దెబ్బ తగిలిందేమో. ఆ రేవులో ముప్ఫై ఏళ్ళున్నానని ఆ మధ్యాహ్నం కూడా ఉన్నట్టా? తరవాత తీర్పు. జవాబు రాలేదనుకోమన్నారు. జవాబు రాకపోతే, ఉన్న సాక్ష్యం మీద, ఎక్కించేటప్పుడే తడి అని కొన్నవాడు రుజువు చేయలేకపోయాడు. అమ్మినవాడిది తప్పని తేలలేదు. ఆమెకి తెలిసినదానికి సరిగ్గా ఎదురు. ఒక్కో అక్షరం కొడుతుంటే పన్ను పీకించుకున్నట్టుంది. కాసాబ్లాంకాలో సేమియా మర పెద్దమనిషి, లేనే లేని పెద్దమనిషి, ఆమె వంక నిష్ఠూరంగా చూశాడు. ఏం చేయను బాబూ, అడిగాను, నువ్వు చెప్పలేదు. పదకొండు. ముప్ఫై తొమ్మిదో పేరా. ఏడు. నలభై మూడు. పేరాల అంకెలు సరిచూసింది. నాలుగు. పంపు.

తెర మీద చిన్న చక్రం తిరగడం మొదలైంది. తిరిగింది. తిరుగుతూనే ఉంది. డెబ్బై అడుగుల తీగలో, మంచు కింద నుంచి, వంటింటి కిటికీలోంచి, రెండేళ్ళ తెల్లవారుజాములు పాక్కుంటూ పోతున్నాయి. మూడు. బయట ముస్తీ మొరిగింది, ఎవరిదో అడుగుల చప్పుడు దగ్గరికొచ్చింది, అర్వీ గొంతు, ఏంటి రెయినో, బకెట్టు మీద కూర్చున్నావ్, చేపలేమైనా పడ్డాయా? రెయినో ఏదో తక్కువ గొంతుతో అన్నాడు, అడుగులు అక్కడే ఆగిపోయాయి, ఆ పెద్దమనిషి తీగ దాటకుండా వెనక్కి తిరిగి వెళ్ళడం మంచు చెప్పింది. రెండు. చక్రం ఆగింది. అందినది. కోరా చిరునవ్వు నవ్వి, ఆరు వారాల్లో ఫలితం వస్తుందని చెప్పి, కాస్త తటపటాయించి, ఆ కొమ్మలు నొప్పి పెట్టవా అని అడిగింది. పెట్టవు, హాయిగా ఉంటుంది అంది సిల్వీ. పెదవులు స్వేచ్ఛగా కదిలాయి.

గడియ తీసి బయటికి వచ్చింది. వెలుతురు కళ్ళలో గుచ్చింది. రెయినో బకెట్టు మీద అలాగే ఉన్నాడు, చీపురు ఒళ్ళో అడ్డంగా, కనుబొమల మీద మంచు పొడి. ఒంటి మీద పాత రైల్వే కోటు, మోచేతుల దగ్గర చిరిగింది, దాని కింద ఆమె గులాబీరంగు శాలువా. ఆమె ముఖం చూసి, ఎలా రాశావని అడగలేదు. థర్మాస్ తీసి మూతలో కాఫీ పోసి ఇచ్చాడు. ఆమె తాగలేదు. కట్టెల దుంగ ఒకటి లాక్కుని అతనికి ఎదురుగా కూర్చుంది, ఇద్దరి మధ్యా తీగ.

“పడవ ఎందుకు అమ్మేశావు?”

రెయినో చీపురు పుల్ల ఒకటి లాగి విరిచాడు. సరస్సు వైపు చూశాడు, గడ్డకట్టి తెల్లగా ఉంది, చూడటానికేమీ లేదు. ఆమెకి నోటిదాకా వచ్చింది, కళ్ళు కనపడకనా అని. మింగేసింది. అతనికి మాట పుట్టడానికి టైం పడుతుంది, ఇంజను వేడెక్కడానికి పట్టినట్టు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒక్కసారి కూడా అంతసేపు ఆగలేదని ఆమెకి ఇప్పుడే లెక్క తేలింది.

“నేను డ్యూటీ దిగి వచ్చేసరికి నువ్వు వెళ్ళిపోయేదానివి,” అన్నాడు చివరికి. “ఫ్రిజ్ తలుపు మీద చీటీ ఉండేది. సూపు లోపలుంది. ముస్తీకి మందు వెయ్యి. అది చదువుకుని పడుకునేవాణ్ణి. అలా అలవాటైపోయింది, రిటైరయ్యాక కూడా అయిదయ్యేసరికి కాళ్ళు నీళ్ళవైపు పోయేవి. నీ మొదటి క్లాసు రోజున పడవ తాళాలు తీసుకుంటూ చూశా. దీపం కింద కూర్చుని పైకి చదువుతున్నావు, జుట్టు కూడా దువ్వుకోకుండా. తెల్లవారి పూట నిన్ను కూర్చుని ఉండగా చూడటం అదే మొదలు.”

ఆగాడు. ఆమె కదల్లేదు.

“ఉంచుకుంటే పోవాలనిపిస్తుంది కదా. అందుకని అమ్మేశా.”

“మరి పేపరు?”

“ఏ పేపరు?”

“పేజీ తిప్పేవాడివి కాదు.”

“నేను నిన్ను వింటుంటే పేపరు ఎవడు చదువుతాడు.” ముక్కు చీదుకున్నాడు. “దానికితోడు కళ్ళద్దాల మీద ముస్తీ కూర్చుంది, అక్టోబర్లో. మందులషాపులో కొన్న జోడు పనికిరాదు. నీ పరీక్షయ్యాక చెబుదామని.”

ఆమెకి నవ్వూ ఏడుపూ రెండూ కలిసి బయటపడ్డాయి. రెండుసార్లు రకం కట్టింది, రెండుసార్లూ తప్పు.

“ఆ రోజు ఇర్యా వాళ్ళింట్లో అందరి ముందూ అన్నాను కదా. అప్పుడైనా చెప్పొచ్చుగా.”

“నువ్వు తీర్పు చెప్పేశావు,” అన్నాడు రెయినో, కోపం లేకుండా. “అప్పీలు ఎక్కడ చేసుకోవాలో నాకు తెలీదు.”

విచారణ ముగించే ముందు మధ్యవర్తి తప్పనిసరిగా అడగవలసిన మాట ఒకటుంది. లేగోస్ పెద్దాయన కోళ్ళ అరుపుల మధ్య దాన్ని ఎంత గంభీరంగా అనేవాడో. సిల్వీ కాఫీ మూత పక్కన పెట్టి, అతని చేతుల్లోంచి చీపురు తీసుకుని, ఆ చల్లటి వేళ్ళని తన రెండు అరచేతుల మధ్యా పెట్టుకుంది. వేళ్ళు ఏదో చెబుతున్నాయి. ఆమె వాటిని నమ్మలేదు.

“నువ్వు చెప్పుకోవలసిందంతా చెప్పుకునే అవకాశం నీకు పూర్తిగా దొరికిందా?”

రెయినో ఆ ప్రశ్నని నిజంగానే ఆలోచించాడు.

“లేదు,” అన్నాడు. “ఇంకా ఉంది. కానీ కాళ్ళు గడ్డకట్టాయి. మిగతాది సౌనాలో చెప్తా.”

సౌనా కాగడానికి గంట పడుతుంది. సిల్వీ లేచి లోపలికి వెళ్ళింది, లాప్‌టాప్ మూసింది, కొమ్మల కట్టని దాని మేకుకి మళ్ళీ తగిలించి, పొయ్యిలో మొదటి కట్టె పెట్టింది.